మా అత్త చేతిలో ఓడిపోయిన యంత్రం

మా అత్త కూర్మమ్మ ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు. పెళ్లయి మలేసియాలోనే బాగన్ దాతుక్ నుంచి బంటింగ్‌కి వచ్చిన కొత్తలో నేను వండిన చేపల పులుసు తిని, "సేప మంచిదే" అంది. ఆ మాటలో నా వంతు ఎంత అని చాలాకాలం ఆలోచించాను. తర్వాత ఆలోచించడం మానేశాను. చేప మంచిదే అయి ఉంటుంది.

ఆవిడ పుట్టింది ఇక్కడే, రబ్బరు ఎస్టేటులో. రబ్బరు చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేసినప్పుడు కలుపు తీసింది, మందు కొట్టింది. ఆ తర్వాత ఎస్టేటు అమ్మేసి వరసగా ఇళ్లు కట్టారు. వాటిలో ఒకదాంట్లో ఇప్పుడు మేముంటున్నాం. మనిషి ఉన్నచోటే ఉంది, చుట్టూ ఉన్నవే మూడుసార్లు మారాయి. మా వంటగదిలో గ్యాస్ సిలిండరు పెట్టిన చోట ఒకప్పుడు తను పాలు గీసిన చెట్టు ఉండేదంటుంది. ఆ చెట్టు ఎంత పాలిచ్చేదో కూడా చెబుతుంది. కాదనడానికి మా దగ్గర ఆధారమేమీ లేదు. మామగారు పోయి చాలా ఏళ్లయింది. కొడుకు వెంకటరావు, అంటే మా ఆయన, పోర్ట్ క్లాంగ్‌కి లారీ తోలుతాడు. ఆయన మాట్లాడేది తక్కువ. ఇంట్లో మాటలన్నీ మేమిద్దరమే మాట్లాడుకోవాలి.

మాటలకన్నా ఎక్కువ ఆడుకునేవాళ్లం. వామనగుంటలు. మలయ్ వాళ్లు దీన్నే చొంకాక్ అంటారు. నిజం చెప్పాలంటే మేమాడేది వాళ్ల పద్ధతిలోనే, పేరొక్కటే మనది. చెక్కపలకలో రెండు వరసల గుంటలు, రెండు చివర్లా రెండు పెద్ద గుంటలు. పెద్ద గుంటను ఇల్లు అంటాం. ఒక గుంటలోని గింజలన్నీ తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఎవరి ఇంట్లో ఎక్కువ గింజలు చేరితే వాళ్లు గెలిచినట్టు. గింజలంటే రబ్బరు గింజలు, ఎస్టేటు రోజుల నాటివి. మధ్యాహ్నం వంటయ్యాక కూర్చుంటే ఆట ముగిసేసరికి మా ఇద్దరికీ మాటలుండేవి కావు. సాయంత్రం కాఫీ వేళకు మళ్లీ మొదలయ్యేవి. కోడలిగా వచ్చిన నాటినుంచీ ఇదే వరస. నేను గెలిచిన రోజులు పండగల్లాంటివి, అంటే ఏడాదికి కొన్నే.

ఇక్కడ మా ఎస్టేటు లైన్ల, అంటే కూలీల ఇళ్ల వరసల, పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. మా వాళ్లు గుంటలాటలో ఎవరికీ ఊరికే గెలుపు ఇవ్వరు. ఐదేళ్ల పిల్లకైనా ఇవ్వరు. ఏడిస్తే ఏడవనీ అంటారు. ఒక్కరికే ఇస్తారు. మంచం పట్టి ఇక లేవదని తెలిసిన మనిషి దగ్గర పలక పెట్టుకుని కూర్చుని, ఆ మనిషి గెలిచేలా ఆడతారు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మా అత్తవాళ్ల అమ్మ దాలమ్మ అలాగే పోయింది. చివరి నెలంతా లైన్లో ఉన్న ప్రతి ఆడమనిషినీ ఓడించింది. జన్మంతా ఆవిడ ఎవరినీ పెద్దగా ఓడించింది లేదట.

పోయినేడాది నేను గ్లవ్స్ ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనికి చేరాను. శనివారాలు అసోసియేషన్ వాళ్ల తెలుగు క్లాసు ఎలాగూ నాదే. దాంతో మధ్యాహ్నం ఆట పోయింది. మా అత్త పలక తుడిచి కుర్చీ మీద పెట్టి, ఆ కుర్చీకి ఎదురుగా కూర్చునేది. నేను పనినుంచి వచ్చేసరికి అలాగే ఉండేది. ఆవిడ తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మా అమ్మాయి మోహనప్రియ కౌలాలంపూర్‌లో ఒక వీడియో గేమ్‌ల కంపెనీలో పనిచేస్తుంది. మన ఎదుట ఆడే కంప్యూటర్‌కి ఆట నేర్పడం దాని పని. దీన్ని కృత్రిమ మేధ అనాలని నేను క్లాసులో చెబుతాను, పిల్లలు ఏఐ అంటారు, ఇద్దరం ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం. వాళ్ల కంపెనీ చొంకాక్ గేమ్ ఒకటి చేస్తోందని, దాన్ని ఒక ట్యాబ్లెట్‌లో పెట్టి నానమ్మకి తెచ్చిచ్చింది. మా అత్త గాజుపలక మీద వేలు పెట్టి, గింజలు వాటంతట అవే పరుగెత్తడం చూసి, "దీనికి సేతులు నేవు గావాల" అంది. అంతే, ఆ రోజునుంచి దాన్ని వదల్లేదు.

ఆ మొదటి మేధ మరీ గొప్పదేం కాదు. ఒకటే పట్టుతో ఆడేది. ఎక్కువ గింజలున్న గుంట కనిపిస్తే చాలు, వెనకాముందూ చూడకుండా దాన్నే తీసేది. ఎస్టేటులో అప్పడు అనే ఒక మేకల కాపరి సరిగ్గా ఇలాగే ఆడేవాడట, అందుకని దానికి అప్పడని పేరు పెట్టింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, "అప్పడు ఈవేళ నన్ను ఓడించీసినాడు, ఎదవ" అనేది. లేకపోతే, "అప్పడికి బుద్దొచ్చిందనుకున్నాను, రానేదు" అనేది. తన ఈడువాళ్లందరూ పోయాక దొరికిన స్నేహితుడు వాడు. నేను కాస్త కుళ్లుకున్న మాట నిజమే.

తర్వాత కంపెనీ వాళ్లు కొత్త ఏఐ పెట్టారు. ట్యాబ్లెట్ దానంతట అదే మారిపోయింది. మాకెవరికీ తెలియదు. తెలిసిందల్లా మా అత్త గెలవడం మొదలుపెట్టిందని. మొదట్లో బాగానే ఉంది. పక్కింటి మలయ్ ఆవిడను పిలిచి చూపించింది కూడా. రోజు రోజంతా గెలిచింది. మర్నాడూ గెలిచింది. ఆ వారం చివరికొచ్చేసరికి గెలిచిన సంగతి చెప్పడం మానేసింది. సాయంత్రం నేనే అడిగాను.

"అప్పడేటంటన్నాడత్తా?"

"ఓడిపోయినాడు."

"మంచిదే కదా."

"ఊఁ" అంది, మొహం గోడవైపు తిప్పుకుని.

సరిగ్గా ఆ వారమే ఆవిడకు రక్తపరీక్ష చేయించాం. క్లినిక్‌లో డాక్టరు మా ఆయన్ని లోపలికి పిలిచి మలయ్‌లో ఏదో చెప్పాడు. చెప్పింది ఇంతే, షుగరు కొద్దిగా ఎక్కువుంది, తీపి తగ్గించండి అని. మా ఆయన బయటికొచ్చి నేలకేసి చూస్తూ, "ఏటీ నేదమ్మా" అన్నాడు. ఆయన పెళ్లిపీటల మీద కూడా నేలకేసే చూశాడు. ఇంటికొచ్చి నేను కాఫీలో పంచదార తగ్గించాను, అందులో వేసే తీపి డబ్బా పాలు మానేశాను. ఎవరూ ఏమీ చెప్పకుండా అన్నీ తగ్గుతూ వచ్చాయి.

ఆ తర్వాత మా అత్త మారిపోయింది. ముందు చీరలు సర్దింది. చిన్నాపెద్దా చూసుకుని ఎవరికేది అని కుప్పలు పెట్టింది. బిలింబి అనే పుల్లకాయల పచ్చడి ఎలా పెట్టాలో నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఇన్నేళ్లలో ఉప్పు కలిపే వేళకు నన్ను వంటగదిలోంచి పంపేసిన మనిషి. చివరికి ఒక ఆదివారం నేను చేసిన చేపల పులుసు రెండు ముద్దలు తిని, పళ్లెం పక్కకు నెట్టి, "పులుసు బాగున్నాది, పుష్పా. నీ సెయ్యి మంచిది" అంది. నేను ముద్ద పళ్లెంలోనే వదిలేశాను. వెంకటరావు కూడా తినడం ఆపేసి వాళ్లమ్మ మొహంలోకి చూశాడు. ఆయన తల ఎత్తడమే చాలా పెద్ద విషయం.

ఆ రోజునుంచి అన్నం దాదాపు మానేసింది. గంజి తాగేది, అదీ నా కోసమన్నట్టు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "ఆ డాట్రు సెప్పీసినాడు కదా, మల్లీ ఎందుకు" అనేది. ఏం చెప్పాడంటే నవ్వేది. మా ఆయన మోహనకి ఫోన్ చేసి రమ్మన్నాడు. అది క్లాంగ్ దాకా రైల్లోనూ అక్కడినుంచి బస్సులోనూ వచ్చేసరికి శనివారం క్లాసు ఎగ్గొట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. అందరం మంచం చుట్టూ చేరాం.

"ఏటయినాది నానమ్మా? ఎందుకు తినవు?"

మా అత్త దాని తల నిమిరింది. "నీ తప్పు నేదే. నాకు సెప్పనేక దానికి సెప్పీసినావు. అది నాతో సెప్పీసినాది."

"దేనికి?"

ఆవిడ ట్యాబ్లెట్ చూపించింది. "అప్పడు నాకు ఓడిపోతన్నాడు. ఊరికే ఓడిపోతన్నాడు. నాకు తెలవదా? గింజలెక్కువున్న గుంట తియ్యాలిసినోడు పక్క గుంట తీత్తన్నాడు. మా అమ్మకి మేమందరం అలగే ఓడిపోయినాము."

మా ఆయనకు ముందర్థమైంది. గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాడు. నాకు రెండో క్షణంలో అర్థమైంది, వెంటనే కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక మోహన మీద వచ్చింది.

"ఏటి సేసినారే మీరు ఆ గేమ్‌ని?"

"ఏటీ సేయనేదు, అమ్మా. ఇంప్రూవ్ సేసినాము."

వాళ్లు చేసిన ఇంప్రూవ్‌మెంట్ ఇదీ. మనుషులు వరసగా ఓడిపోతే గేమ్ తీసేస్తారు. కాబట్టి కొత్త ఏఐ మన ఆట గమనిస్తుంది. మనకు విసుగొస్తోందని, నీరసపడుతున్నామని అనిపిస్తే కావాలని కొద్దిగా తప్పు ఆడుతుంది. మరీ చచ్చుగా ఆడితే మనకు తెలిసిపోతుంది గనక మంచి ఎత్తు వదిలేసి దాని తర్వాతి ఎత్తు వేస్తుంది. ముసలివాళ్లు నెమ్మదిగా ఆడతారు కాబట్టి వాళ్లు నీరసపడ్డారని దాని లెక్క. అందుకని మా అత్త మీద దానికి జాలి మరీ ఎక్కువైంది.

"గెలవడం రాదా మరి దానికి?" అని అడిగాను.

"గెలవడం ఎప్పుడో వచ్చును. మనిషిని ఎప్పుడన్నా ఓడించగలదు. అది ఈజీ. తెలవకుండా ఓడిపోవడమే కష్టం, దానికే ఇన్నాళ్లు పట్టినాది."

"దాన్ని మీరు తెలివంటారా?"

"మేమనడం కాదు, ఆడినోళ్లు అంటన్నారు. పాత ఏఐ గెలిచినప్పుడు చీటింగ్ సేస్తందని కంప్లైంట్ పెట్టినారు. ఇది ఓడిపోతే ఎంత తెలివయినాదో అని స్టార్లు ఇస్తన్నారు." తర్వాత ఇంకోటి చెప్పింది. ఇంకో గేమ్‌లో సోల్జర్లు ఉంటారట. వాళ్ల బుర్రలో ఒక్క ముక్క మార్చకుండా, 'అడుగో, గోడెనక దాక్కున్నాడు' అని అరవడం మాత్రం నేర్పారట. శత్రువులకు తెలివి పెరిగిపోయిందని జనం ఒకటే పొగడ్త. మా ఆయన ఇది శ్రద్ధగా విన్నాడు. ఈయనకు తెలివి లేదని నేనిన్నాళ్లూ అనుకున్నది ఈయన అరవకపోవడం వల్లేనేమో అనిపించింది. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చని వదిలేశాను.

మోహన తన లాప్‌టాప్ తీసి, ట్యాబ్లెట్‌లో కొత్తది పీకేసి పాత ఆటే ఎక్కించింది. మా అత్త చేతికిచ్చింది. పాత అప్పడు వచ్చీ రాగానే ఎక్కువ గింజలున్న గుంట మీద పడ్డాడు. రెండాటలు ఆడించాం, రెండూ ఆవిడే ఓడిపోయింది. ఆవిడ మనసు ఆట మీద లేదు.

"సూసినావా నానమ్మా. నువ్వు ఓడిపోయినావు" అంది మోహన, సంతోషంగా.

"ఇప్పుడు నువ్వు వొద్దని సెప్పినావు దానికి. నాకు తెలిసిపోయినాదని."

ఆవిడ లెక్క అది. గెలిస్తే జాలి, ఓడితే జాలిని దాచడం. రక్తపరీక్ష కాగితం చూపిస్తే, కాగితంలో ఏముందో మీకే తెలుసంది. డాక్టరుతో ఫోన్లో మాట్లాడిస్తే, పాపం మంచోడు అంది. ఆ పూట గంజి కూడా తాగలేదు. ఈ వయసులో తిండి మానేసిన మనిషికి వేరే జబ్బు అక్కర్లేదు. కళ్లముందు మనిషి పోతోంది, ఏ రోగమూ లేకుండా పోతోంది.

ఆదివారం పొద్దున మా అత్త మోహనను పిలిచి అడిగింది. "ఓడిపోతే దానికి కోపమొస్తాదా?"

"రాదు నానమ్మా. కావాలంటే కోపమొచ్చినట్టు బొమ్మ పెడతాము."

మా అత్త ట్యాబ్లెట్ పక్కన పెట్టేసింది. "అయితే పుష్పని పలక తెమ్మను. దానికొస్తాది."

ఇక్కడే నా కష్టం మొదలైంది. నేను ఓడిపోతే, నువ్వు కూడా నాకు గెలుపు ఇచ్చీసినావా అంటుంది. కాబట్టి నేను గెలవాలి. ఆవిడ మీద గెలవడమంటే ఏమిటో పైన చెప్పాను. అయితే నాకు లోపల ఒక ధైర్యం ఉంది. క్యాంటీన్లో ఖాళీ దొరికినప్పుడల్లా అదే గేమ్ నా ఫోన్లో ఆడుతున్నాను. గెలవని రోజు లేదు. చేయి తిరిగిందనుకున్నాను. నన్ను ఓడించే మొనగాడు లేడనే అనుకున్నాను. ఆ గెలుపులు ఎక్కడివో నిన్న మోహన చెప్పాక కూడా నాకు తట్టలేదు, ఇక్కడ పలక ముందు కూర్చుని నాలుగు గుంటలు తిప్పాకగానీ.

ముందు గదిలో చాప పరిచి ఆవిడకు దిండ్లు పెట్టాం. ఆట మొదలైంది. మూడు చుట్లలో నా వరస ఖాళీ. నేను ఏ గుంట తీస్తే దాని చివరి గింజ సరిగ్గా ఆవిడకు లాభమయ్యే చోటే పడుతోంది. ఆ గేమ్ నాకు ఏమీ నేర్పలేదు, ఉన్నది కూడా మర్చిపోయేలా చేసింది. ఓడిపోతే ఈ మనిషి పోతుందని తెలిసి ఓడిపోతున్నాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నాడు.

మా అత్త తొండి ఆడుతుందని ఇంతవరకు చెప్పలేదు. ఇంటి పరువు. గింజలెక్కువున్న గుంట తీసినప్పుడు వేలి సందులో గింజ బిగించి, చుట్టు తిరిగొచ్చి తన ఇంట్లో వేసుకుంటుంది. మామూలుగా అయితే ఆవిడకు ఆ అవసరం లేదు, అలవాటు అంతే. ఇప్పుడూ, ఇంత నీరసంలో, దిండ్లకి ఆనుకుని, గంజి కూడా తాగని మనిషి, నా గుంటలన్నీ దోచుకున్నాక కూడా, చిటికెన వేలి పక్కన గింజ బిగించింది. నేను చూశాను.

ఎందుకు కూర్చున్నానో మర్చిపోయాను. చెయ్యి చాపి మణికట్టు పట్టుకున్నాను.

"తియ్యి."

"ఏటి?"

"ఆ ఏలి సందులోది. తియ్యత్తా."

"ఏటీ నేదు."

"పెళ్లయి వొచ్చిన కాడ్నుంచీ సూత్తన్నాను నీ దొంగేసాలు. సచ్చిపోతన్నానని అన్నం మానీసి, గింజలెత్తుకుపోతావా? ఎవులికోసం దాత్తన్నావు, కూడా కట్టుకుపోతావా? సిగ్గునేదా నీకు? గెలుస్తన్నావు కదా, నా ఇల్లంతా ఊడ్చుకుపోయినావు కదా, ఇంకా దొంగతనమెందుకు?"

ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను, తెలుగు క్లాసు పిల్లల తల్లులు కూడా చదవొచ్చు. పక్కింటి మలయ్ ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది. మోహన "అమ్మా" అని నా భుజం పట్టుకుని లాగింది. నేను వదల్లేదు.

మా అత్త ముందు నా మొహం చూసింది. తర్వాత నా చేతిలో ఉన్న తన మణికట్టు చూసుకుంది. మెల్లగా వేళ్లు విప్పింది. రెండు గింజలున్నాయి.

"మా అమ్మ కూడా దాసీది," అంది. "ఆకరి దినాల్లో. ఎదురుగుండానే దాసీది, సేతులు సరిగ్గా మూసుకునీవి కావు. నాను సూసినాను. సూడనట్టు కూకున్నాను. అందరమూ అలగే కూకున్నాము. సెయ్యి ఎవులూ పట్టుకోనేదు."

ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఒక చెయ్యి నా దగ్గరే ఉంది.

"పోయీవోళ్ల మీద ఇలగ ఎవులూ అరవరు," అంది. చెయ్యి లాక్కోబోయి, "నొప్పెడతంది, వొదులే" అంది.

వదలాలనే ఉంది. చెయ్యి రాలేదు. ఆ మణికట్టు సన్నగా, వేడిగా ఉంది, లోపల నాడి నిక్షేపంగా కొట్టుకుంటోంది. ఈ మనిషి లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి అనుకున్నాను. అంతవరకు ఎంత భయపడ్డానో అప్పుడు తెలిసింది. అందరిముందూ, కిటికీలో పొరుగావిడ చూస్తుండగానే, చిన్నపిల్లలా ఏడ్చేశాను.

"ఆకలేత్తంది, పుష్పా" అంది మా అత్త.

"ముందు ఆ రెండు గింజలూ నా ఇంట్లో ఎయ్యి" అన్నాను.

వేసింది. ఒకటే వేసింది. రెండోదాని కోసం మళ్లీ దెబ్బలాడుకున్నాం, అన్నం ఆ తర్వాతే తిన్నాం.